కోర్టులో నవ్వులు, పుస్తకంలో ఖాళీలు

పోయిన వేసవిలో మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు రాసేసి, ఓ పదిహేను రోజులు ఉందామని హైదరాబాదులో మా ఇంటికొచ్చింది. ఒక రాత్రి ఇద్దరం కూర్చుని ‘ఇన్‌హెరిట్ ద విండ్’ చూశాం. 1960లో స్టాన్లీ క్రేమర్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. డిగ్రీలో ఉండగా మొదటిసారి చూసి, ఆ కోర్టు సీన్లు కనిపించిన వాళ్లందరికీ చెప్పుకు తిరిగాను. దానికీ చూపించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఓపిగ్గానే చూసింది. అంతా అయ్యాక అడిగింది:

“పిన్నీ, ఆ మాస్టారు చెప్పాడంటున్న పాఠం ఏంటి? మాకు అది లేదే.”

“లేకపోవడమేంటి? అనువంశికత, పరిణామం అని సైన్సులో ఓ చాప్టర్ ఉంటుంది కదా.”

“అనువంశికత ఒక్కటే ఉంది. రెండోది లేదు.”

దానిది సీబీఎస్ఈ స్కూలు. పుస్తకం తీసి చూశాం. నిజంగానే లేదు. సినిమాలో ఒక పాఠం చెప్పినందుకు టీచర్ని బోనెక్కిస్తే ఊరూ దేశమూ అట్టుడికిపోయాయి. ఇక్కడ ఆ పాఠం పోయిందన్న సంగతి, అది చదవాల్సిన పిల్లకే తెలీదు. ఆ రాత్రి నుంచి నాకు ఈ సినిమా మీద, దానికి మూలమైన నాటకం మీద ఒక అనుమానం పట్టుకుంది. ఇది మనకి నేర్పింది ఎంత, మరిపించింది ఎంత అని.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. జెరోమ్ లారెన్స్, రాబర్ట్ ఇ. లీ కలిసి రాసిన ఈ నాటకం 1955లో బ్రాడ్వే ఎక్కింది. హిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో బెర్ట్రమ్ కేట్స్ అనే కుర్ర టీచరు డార్విన్ సిద్ధాంతం చెప్పాడని అరెస్టు చేస్తారు. అతనికి శిక్ష పడాలని వాదించడానికి మాథ్యూ హారిసన్ బ్రేడీ అనే పెద్ద రాజకీయ నాయకుడు వస్తాడు. కేట్స్ తరఫున హెన్రీ డ్రమ్మండ్ అనే లాయరు వస్తాడు. జడ్జి శాస్త్రవేత్తల సాక్ష్యాలు వద్దంటాడు. దాంతో డ్రమ్మండ్, బైబిల్ తనకి తెలిసినంత ఎవరికీ తెలీదనుకునే బ్రేడీనే సాక్షిగా బోనులోకి పిలిచి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. బ్రేడీ తడబడతాడు, జనం నవ్వుతారు. చివరికి కేట్స్‌కి నామమాత్రపు జరిమానా పడుతుంది. బ్రేడీ కోర్టులోనే కుప్పకూలి చనిపోతాడు.

దీనికి ఆధారం 1925లో అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని డేటన్ అనే ఊళ్లో జరిగిన స్కోప్స్ విచారణ. డ్రమ్మండ్ అంటే క్లారెన్స్ డారో. బ్రేడీ అంటే విలియం జెన్నింగ్స్ బ్రయాన్. తాము చరిత్ర రాయట్లేదని రచయితలు ముందుమాటలోనే చెప్పుకున్నారు. వాళ్ల మనసులో ఉన్నది మెకార్తీ రోజులు. కమ్యూనిస్టు అన్న ముద్ర పడితే ఉద్యోగం ఊడే కాలంలో, ఆలోచించే హక్కు గురించి మాట్లాడ్డానికి ముప్పై ఏళ్ల నాటి కేసుని అడ్డం పెట్టుకున్నారు. అందులో తప్పేం లేదు. మన నాటకకర్తలు పురాణాల్నీ, చరిత్రనీ అలా వాడుకున్నవాళ్లే. అసలు విషయాన్ని ఎందుకు మార్చారని నేను అడగను. మార్చడం వల్ల ఏ ప్రశ్న జారిపోయిందన్నదే నా బాధ.

నాటకంలో కేట్స్ జైల్లో ఉంటాడు. ఊరు అతని మీద కత్తి కట్టింది. పాస్టరు కూతురే అతని ప్రియురాలు, ఆ తండ్రి సొంత కూతుర్నే శపించబోతాడు. డేటన్‌లో ఈ ప్రేమకథా లేదు, ఈ పాస్టరూ లేడు, జైలూ లేదు. అక్కడ జరిగింది ఇంతకంటే విచిత్రం. 1925 మార్చిలో టెనెసీలో బట్లర్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే బడుల్లో, బైబిల్ చెప్పిన సృష్టి కథని కాదని మనిషి తక్కువ జీవుల నుంచి వచ్చాడని బోధించకూడదన్నది దాని సారాంశం. పౌరహక్కుల సంఘం ఒకటి, ఈ చట్టాన్ని పరీక్షకి పెట్టడానికి ఏ టీచరైనా ముందుకొస్తే కేసు ఖర్చు మాది అని పత్రికల్లో ప్రకటించింది. డేటన్‌లో కొందరు పెద్దమనుషులు ఒక మందుల షాపులో కూర్చుని, ఈ కేసేదో మనూళ్లో జరిగితే ఊరికి పేరొస్తుంది, వ్యాపారమూ పెరుగుతుంది అనుకున్నారు. ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేస్తున్న 24 ఏళ్ల జాన్ స్కోప్స్‌ని పిలిపించారు. బయాలజీ మాస్టారు రానప్పుడు అతను ఆ క్లాసు తీసుకున్నాడు. పరిణామం పాఠం చెప్పినట్టు అతనికే గట్టిగా గుర్తులేదు. అయినా ఒప్పుకున్నాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ పాఠం ఉన్న పుస్తకం, హంటర్ రాసిన ‘ఎ సివిక్ బయాలజీ’, స్వయానా రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన పాఠ్యపుస్తకం. అది ఆ మందుల షాపులోనే అమ్ముతున్నారు. షాపు యజమాని స్కూలు బోర్డు అధ్యక్షుడు. అంటే ఒక చేత్తో చట్టం పాఠం చెప్పొద్దంటోంది, ఇంకో చేత్తో ప్రభుత్వం ఆ పుస్తకమే చదవమంటోంది. దీన్నే నాటకం చేసి ఉంటే ఎంత బాగుండేది! పిచ్చి ముదిరిన జనం కంటే, చట్టం ఒకటి చేసి, బతుకు ఇంకోలా గడిపేసే జనమే మనకి బాగా తెలిసినవాళ్లు.

ఇక బ్రయాన్. నాటకంలో బ్రేడీ తిండిపోతు, చప్పట్ల కోసం బతికేవాడు, బుర్ర మూసుకున్నవాడు. జరిమానా తక్కువ పడిందని కోర్టులోనే గోల చేస్తాడు. అసలు బ్రయాన్ ఈ చట్టంలో శిక్ష పెట్టొద్దని సలహా ఇచ్చినవాడు. డెమొక్రటిక్ పార్టీ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడాడు. రైతుల పక్షాన, ఆదాయపు పన్ను కోసం, ఆడవాళ్ల ఓటు కోసం నిలబడ్డాడు. విదేశాంగ మంత్రిగా ఉండి, దేశం యుద్ధం వైపు పోతోందని 1915లో రాజీనామా ఇచ్చేశాడు. మనకి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. ప్రపంచయాత్రలో భాగంగా మన దేశానికి వచ్చి, 1906లో బ్రిటిష్ పాలనని గట్టిగా దుయ్యబడుతూ వ్యాసం రాశాడు. మన పేదరికానికి ఆ పాలనని తప్పుపట్టిన అమెరికన్ నాయకుడే, డార్విన్ని బళ్లోకి రానివ్వనన్నాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయన్నది నాటకానికి పట్టలేదు.

ఎలా ఉన్నాయంటే, ఆయన లెక్కలో రెండూ ఒకటే. డార్విన్ పేరు చెప్పి బలవంతుడు బలహీనుణ్ణి తొక్కడాన్ని ప్రకృతి ధర్మం అంటున్నారని ఆయన భయం. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికవాదం వెనక ఆ ఆలోచనే ఉందని నమ్మాడు. ఈ భయం పూర్తిగా ఉత్తదేం కాదు. హంటర్ పుస్తకం తెరిస్తే మనుషుల్ని ఐదు జాతులుగా విడగొట్టి, తెల్లవాళ్లని అన్నిటికంటే పైమెట్టు మీద కూర్చోబెట్టడం కనిపిస్తుంది. యూజెనిక్స్ మీద కూడా పాఠం ఉంది. అంటే ‘మంచి’ వంశాల్ని పెంచాలి, ‘చెడ్డ’ వంశాలకి పిల్లలు పుట్టకుండా చూడాలి అనే వాదం. కొన్ని కుటుంబాల్ని సమాజం మీద పడి బతికే పరాన్నజీవులంటుంది. ఇది గాలిమాట కూడా కాదు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బక్ వర్సెస్ బెల్ కేసులో, ‘మందబుద్ధి’ అని ముద్రవేసిన వాళ్లకి బలవంతంగా సంతానం లేకుండా చెయ్యడం చట్టబద్ధమేనంది. సైన్సు పుస్తకం అనగానే అందులో ఉన్నదంతా వెలుగే అనుకునే మనబోటి వాళ్లం ఇక్కడ కాస్త తలదించుకోవాలి. కులాన్ని వంశాల నాణ్యతతో ముడిపెట్టే మాటలు రోజూ వినే మనకి, ఆ పేజీలు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

అయితే బ్రయాన్ ఆ పేజీల మీద కేసు పెట్టలేదు. చట్టం నిషేధించింది జాతుల మెట్లని కాదు, యూజెనిక్స్‌నీ కాదు. బైబిల్ సృష్టి కథకి అడ్డొచ్చిన ముక్కని మాత్రమే. భయం మనుషుల గురించి, నిషేధం మాత్రం దేవుడి గౌరవం గురించి. మతం రాజకీయంలోకి వచ్చినప్పుడు ఇలాగే వస్తుంది. పిల్లలు చెడిపోతున్నారు, విలువలు పోతున్నాయి అనే నిజమైన బెంగతో గుమ్మంలోకి వస్తుంది. లోపలికొచ్చాక తీసేది మాత్రం తనకి అడ్డొచ్చే పేజీనే. పిల్లల బెంగ గుమ్మం దగ్గరే ఉండిపోతుంది.

బ్రయాన్ దగ్గర ఇంకో వాదం ఉంది. నాటకం అసలు ముట్టుకోనిది అదే. మాస్టారికి జీతం ఇచ్చేది జనం. ఆ జనంలో ఎక్కువమంది ఏది వద్దంటే అది చెప్పకూడదు. ఇది ప్రజాస్వామ్యం కాదా? పిడికెడు మంది మేధావులు మా పిల్లలకి ఏం చెప్పాలో ఎలా నిర్ణయిస్తారు? ఈ మాటని ఇవాళ మన టీవీ చర్చల్లో రోజూ వింటున్నాం. ‘మెజారిటీ మనోభావాలు’ అని దానికి పేరు. ఇది మూర్ఖుడి వాదం కాదు. ఓటుని నమ్మేవాడి వాదం. అందుకే దీనికి జవాబు కావాలి. నాటకం జవాబు చెప్పదు. ఆ ప్రశ్న అడిగినవాణ్ణి చూపించి నవ్విస్తుంది.

ఆ నవ్వు పుట్టే సీను మాత్రం, ఒప్పుకోవాలి, గొప్పగా ఉంటుంది. ట్రేసీ, ఫ్రెడ్రిక్ మార్చ్ ఇద్దరూ చొక్కాలు తడిసిపోతుండగా ఒకరినొకరు తినేసేలా చూసుకుంటారు. డేటన్‌లో కూడా 1925 జులై 20న డారో నిజంగానే బ్రయాన్‌ని సాక్షిగా కూర్చోబెట్టాడు. కోర్టు హాలు వెలుపల పచ్చిక మీద, వేలమంది ఎదుట. చేప కడుపులో ఉన్న యోనా గురించి, సూర్యుణ్ణి ఆపిన యెహోషువ గురించి, భూమి వయసు గురించి అడిగాడు. సృష్టి జరిగిన రోజులు 24 గంటల రోజులు కాకపోవచ్చని బ్రయాన్ ఒప్పుకున్నాడు. కానీ ఇదంతా జరుగుతున్నప్పుడు జ్యూరీ అక్కడ లేదు. మర్నాడు జడ్జి ఆ సాక్ష్యాన్ని రికార్డుల్లోంచి తీసేయించాడు. లోకమంతా గుర్తుపెట్టుకున్న ఆ ఘట్టానికి, తీర్పులో విలువ సున్నా. స్కోప్స్‌కి వంద డాలర్ల జరిమానా పడింది. ఐదు రోజుల తర్వాత బ్రయాన్ డేటన్‌లోనే నిద్రలో పోయాడు. 1927లో పై కోర్టు ఆ శిక్షని కొట్టేసింది. కారణం ఆలోచనా స్వేచ్ఛ కాదు. జరిమానా ఎంతో తేల్చాల్సింది జ్యూరీ, జడ్జి కాదు అన్న సాంకేతిక లొసుగు. చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. 1960లో ఈ సినిమాని డేటన్‌లో వేసినప్పుడు స్కోప్స్ కూడా వెళ్లాడు. తెర మీద డ్రమ్మండ్ గెలుస్తున్న ఆ రాత్రికి కూడా బట్లర్ చట్టం అమల్లోనే ఉంది. 1967లో గానీ రద్దు కాలేదు.

తర్వాత ఏం జరిగిందన్నది ఏ నాటకంలోనూ ఇమడదు. ఎందుకంటే అందులో సీనే లేదు. పత్రికలన్నీ డేటన్ మీద జోకులు వేసుకున్నాయి, నగరాల్లో చదువుకున్నవాళ్లు గెలిచామనుకున్నారు. పాఠ్యపుస్తకాలు అచ్చేసేవాళ్లు మాత్రం ఇంకో లెక్క వేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో పుస్తకం అమ్ముడవ్వాలి. గొడవెందుకు? 1926లో వచ్చిన హంటర్ కొత్త కూర్పులోనే పరిణామం గురించిన భాగాన్ని బాగా కత్తిరించారు. మిగతా పుస్తకాలూ అదే దారి పట్టాయి. చట్టం లేని రాష్ట్రాల పిల్లలకి కూడా అవే పుస్తకాలు. ఇలా ముప్పై ఏళ్లకి పైగా నడిచింది. 1957లో రష్యా స్పుత్నిక్‌ని పంపాక, మన పిల్లలు సైన్సులో వెనకబడ్డారన్న కంగారు పుట్టి, ప్రభుత్వ డబ్బుతో కొత్త బయాలజీ పుస్తకాలు రాయించారు. పరిణామం అప్పుడు తిరిగొచ్చింది. డారో వాదన తేలేనిదాన్ని రష్యా రాకెట్ తెచ్చింది.

ఇక్కణ్ణుంచి మన పుస్తకంలోకి వస్తాను. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పనీ, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదనీ, పాఠాల్ని మార్చాలనీ అన్నారు. గొడవ అయింది. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. సీనియర్ మంత్రే ఆయన్ని ఇలాంటివి మాట్లాడొద్దన్నారు. మనం మీమ్స్ చేసుకున్నాం. హిల్స్‌బరోలో జనంలాగే కడుపారా నవ్వుకున్నాం.

నాలుగేళ్లకి, 2022లో, ఎన్‌సీఈఆర్‌టీ కరోనా వల్ల పిల్లల మీద భారం తగ్గించాలంటూ సిలబస్ ‘హేతుబద్ధీకరణ’ జాబితా ఇచ్చింది. అందులో పదో తరగతి పరిణామం ఉంది. 2023లో కొత్త పుస్తకం వచ్చేసరికి ‘అనువంశికత, పరిణామం’ కాస్తా ‘అనువంశికత’ అయింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అది తిరిగి పెట్టమని విజ్ఞప్తి చేశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉందిగా అన్నది వచ్చిన జవాబు. ఉంది, నిజమే. కానీ అందరూ సైన్సు చదివే చివరి తరగతి పది. ఆ తర్వాత ఎంపీసీకో, కామర్సుకో, ఆర్ట్స్‌కో పోయే పిల్లలు మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో బళ్లో ఇంకెప్పుడూ చదవరు.

ఇది మతం కోసమే చేశారని నేను రుజువు చెయ్యలేను. అదే పుస్తకంలోంచి మూలకాల ఆవర్తన పట్టిక కూడా పోయింది. దాని మీద ఏ దేవుడికీ కోపం లేదు. అదే జాబితాలో పన్నెండో తరగతి చరిత్రలో మొఘల్ దర్బారుల అధ్యాయమూ పోయింది. దానికి భారం అనే కారణం చాలదని అనుకునేవాళ్లు చాలామంది. ఏది భారమో, ఏది మనోభావమో విడదీయలేకుండా ఉండటమే ఈ పద్ధతిలోని నేర్పు. 1926లో అమెరికా పబ్లిషరుని అడిగినా ‘పుస్తకం లావెక్కింది’ అనే చెప్పి ఉండేవాడేమో! బోనులో నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడానికి ఇక్కడ బ్రేడీ లేడు. కమిటీ ఉంది, జాబితా ఉంది.

మన రాజ్యాంగం 28వ అధికరణం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదంటుంది. అంటే పుస్తకంలోకి మతాన్ని ఎక్కించడానికి అడ్డుంది. పుస్తకంలోంచి సైన్సుని దించెయ్యడానికి అలాంటి అడ్డు ఏదీ రాసిలేదు. శాస్త్రీయ దృష్టి పెంచుకోవాలని 51ఎ అధికరణం చెప్తుంది గానీ, అది పౌరుడి విధుల జాబితాలో ఉంది. అమెరికాలో 1968లో ఎపర్సన్ కేసులో సుప్రీంకోర్టు, ఒక మతం నమ్మకానికి అడ్డొస్తుందని పాఠాన్ని తీసెయ్యడమూ రాజ్యాంగ విరుద్ధమేనని తేల్చింది. పెట్టడమే కాదు, తియ్యడం కూడా మతబోధే కావచ్చన్న ఆ మాట మనం ఇంకా గట్టిగా అనుకోలేదు.

అసలు మన దగ్గర ఇలాంటి వాటికి చట్టం కూడా అక్కర్లేదని తెలుగువాళ్లకి ఎప్పుడో తెలుసు. డేటన్ విచారణ అయిన ఎనిమిదేళ్లకి, 1933లో, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే గోపరాజు రామచంద్రరావు, మనందరికీ తెలిసిన గోరా, నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. బట్లర్ చట్టం లేదు, జ్యూరీ లేదు, రేడియో ప్రసారం లేదు. ఆయన ఆ తర్వాత ముదునూరులోనూ, విజయవాడలోనూ నాస్తిక కేంద్రం నడిపారు గనక చరిత్రలో నిలిచారు. అలా నిలవని మాస్టార్లు ఎందరో, ఏ పాఠం దగ్గర గొంతు తగ్గించారో మనకెలా తెలుస్తుంది?

మరి బ్రయాన్ ప్రశ్నకి జవాబేంటి? మా నాన్నని తలుచుకుంటే నాకో జవాబు దొరుకుతుంది. ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. పొద్దున్నే స్నానం, సంధ్యావందనం, నుదుటన విభూతి. పదింటికి క్లాసులో గుర్రం కాలివేళ్ల శిలాజాల బొమ్మ రంగు సుద్దలతో గీసేవారు. చిన్నప్పుడు అడిగాను, దశావతారాలే పరిణామం అంటారుగా నాన్నా, మరి మీరేమంటారు అని. “అది కథమ్మా, ఇది సాక్ష్యం. కథని సాక్ష్యంతో కొలిస్తే కథకే అవమానం” అన్నారు. సినిమా చివర్లో డ్రమ్మండ్ బైబిల్‌నీ డార్విన్ పుస్తకాన్నీ రెండు చేతుల్లో తూచి, రెండింటినీ కలిపి సంచిలో పెట్టుకుని వెళ్లిపోతాడు. చాలామంది విమర్శకులకి అది తీపెక్కువైన ముగింపు. నాకు మాత్రం మా నాన్న సంచి గుర్తొస్తుంది. అందులోనూ రెండూ ఉండేవి. తేడా అల్లా ఏంటంటే, అది ఆయన సొంత సంచి. తన నమ్మకం కోసం పక్క పిల్లాడి పుస్తకంలో పేజీ చింపే అధికారం ఆయనకి లేదు, ఉన్నా వాడేవారు కాదు.

జవాబు అదే. జనం ఓటుతో ప్రభుత్వాన్ని మార్చుకోవచ్చు, పన్నులు మార్చుకోవచ్చు, ఏ తరగతిలో ఏ భాష ఉండాలో తేల్చుకోవచ్చు. శిలాజం వయసుని ఓటు మార్చలేదు. హంటర్ పుస్తకంలో తప్పులున్నాయి. ఆ జాతుల మెట్లు కూలింది కూడా ఓట్లతో కాదు, కొత్త సాక్ష్యంతో, ఆ మెట్ల కింద నలిగినవాళ్లు వేసిన ప్రశ్నలతో. పాఠ్యపుస్తకం మారాలి, మారుతూనే ఉండాలి. ఎందుకు మారిందో పిల్లలకి చెప్పగలిగేలా మారాలి. చెప్పలేని కారణంతో పోయిన పేజీ అంటే మనకి అనుమానం రావాలి.

నాటకాన్ని నేను తీసిపారెయ్యట్లేదు. మళ్లీ చూస్తాను, మళ్లీ నవ్వుతాను. కానీ ఇప్పుడు ఆ నవ్వు నాకు కొంచెం ఖరీదైనదిగా అనిపిస్తోంది. ఎదుటివాడు మూర్ఖుడని తేలిపోతే ఇక కాపలా అక్కర్లేదనుకుంటాం. డేటన్ తర్వాత అమెరికా చదువరులు అనుకున్నారు. 2018 తర్వాత మనమూ అనుకున్నాం.

ఆ వారం కోఠీకి వెళ్లి, పాత పుస్తకాల కొట్లో పాత ముద్రణ పదో తరగతి సైన్సు పుస్తకం వెతికి తెచ్చాను. ఎవరో కుర్రాడు పరిణామం పాఠమంతా పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాడు. మా పిల్ల రెండు రోజుల్లో చదివేసింది. బాగుందంది. శిలాజాల వయసు ఎలా కడతారని రెండు మూడు ప్రశ్నలు కూడా అడిగింది. ఆ తర్వాత పుస్తకం మూసి, టేబుల్ మీద పెట్టి అంది:

“బాగుంది గానీ పిన్నీ, ఇది పరీక్షకి రాదుగా.”